లాన్ బతకని సందులో గడ్డి కాని గడ్డి

విజయవాడలో కొత్తగా కట్టిన ఇళ్లలో చాలావాటికి గోడకూ ప్రహరీకీ మధ్య మూడు నాలుగడుగుల సందు ఉంటుంది. గృహప్రవేశానికి వారం ముందు ఆ సందులో కొరియన్ గడ్డి పలకలు పరుస్తారు. ఫొటోల్లో బ్రహ్మాండంగా వస్తుంది. ఆరు నెలలకు మధ్యలో మట్టి కనిపిస్తుంది. ఏడాదికి అంచుల్లో నాలుగు పోచలు మిగులుతాయి. రెండో ఏడు మేస్త్రీ వచ్చి పార్కింగ్ టైల్స్ పరిచేసి పోతాడు. "మన నేలలో గడ్డి రాదండీ" అన్న తీర్పు ఆ ఇంట్లో స్థిరపడిపోతుంది. నిజానికి నేల ఏ పాపమూ ఎరగదు. ఎండ తిని బతికే మొక్కను తెచ్చి నీడలో కూర్చోబెట్టారు, అంతే.

కొరియన్ గడ్డి అయినా, మన గరిక అయినా రోజుకు కనీసం ఐదారు గంటలు సూటి ఎండ ఉంటేనే దట్టంగా అల్లుకుంటాయి. చెరుకు, జొన్న కూడా ఈ కోవలోవే. ఎండ ఎంత ఎక్కువైతే అంత చురుగ్గా పనిచేసే జాతి. నీడ పడేసరికి పోచలు వెలుతురు కోసం సన్నగా సాగుతాయి. మనం "పెరిగిందే" అని కత్తిరిస్తాం. ఉన్న కాసింత ఆకూ పోయి వేరు ఆకలితో చస్తుంది. నీళ్లు ఎక్కువ పెడితే కుళ్లు, యూరియా చల్లితే మరింత సన్నం. ఈ వరసలో ఎన్నిసార్లు పలకలు మార్చినా ఫలితం మారదు.

అలాంటి చోట పెట్టవలసినవి మోండో గ్రాస్, లిరియోపి. పేరులో గ్రాస్ ఉన్నా ఇవి గడ్డి కుటుంబం కావు. ఆస్పరాగేసీ కుటుంబానివి. శతావరి లేదా పిల్లిపీచర అని మనం పిలిచే మొక్క, కుండీల్లో పెంచే స్నేక్ ప్లాంట్, స్పైడర్ ప్లాంట్ వీటి చుట్టాలు. చైనా, జపాన్, కొరియా వైపు అడవుల్లో చెట్ల నీడన పెరిగిన వంశం కాబట్టి నీడ వీటికి శిక్ష కాదు, పుట్టిల్లు. ఏడాది పొడుగునా పచ్చగా ఉంటాయి, మెషిన్‌తో కోయక్కర్లేదు, ఒకసారి పట్టు దొరికితే పదేళ్లు కదలవు.

ఇక్కడే రెండో తప్పు మొదలవుతుంది. నర్సరీవాళ్లు "ఎండలో పెట్టినా బాగుంటుంది సార్" అంటారు. చల్లటి దేశాల పుస్తకాల్లో అలా రాసి ఉన్నమాట నిజమే. ఆ ఎండ వేరు, మన ఎండ వేరు. రెంటచింతల పేరు వింటేనే చెమట పట్టే జిల్లాల్లో ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నపు ఎండ నేరుగా పడితే మోండో ఆకు ఎండుగడ్డి రంగుకు తిరుగుతుంది. తెల్లచారల రకమైతే ఇంకా ముందే, ఎందుకంటే తెల్లగా ఉన్న భాగంలో పత్రహరితం ఉండదు. ఎండ తగిలే జాగాలో లాన్‌కు బదులుగా వీటిని పెట్టమని ఎవరైనా చెబితే వినొద్దు. ఇవి లాన్‌కు ప్రత్యామ్నాయం కావు. లాన్ బతకని చోటుకు సొంతదారులు.

మరి మీ సందు నీడా, ఎండా? ఈ ప్రశ్నకు జవాబు కనుక్కోవడంలోనే ఎక్కువమంది బోల్తా పడతారు. విజయవాడ, గుంటూరు రెండూ సుమారు పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి. డిసెంబరులో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన యాభై డిగ్రీల ఎత్తులోనే ఆగిపోతాడు. పదడుగుల గోడకు ఉత్తరాన ఎనిమిది అడుగులకు పైగా నీడ పడుతుంది. "ఉత్తరం వైపు పూర్తి నీడే" అనుకుని మొక్క పెడతారు. మే మొదటి వారానికి సూర్యుడు నడినెత్తికొచ్చి, అక్కణ్నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మనకు ఉత్తరంగా నడుస్తాడు. జూన్ 21న అదే గోడ నీడ ఉత్తరాన ఉండదు, దక్షిణంగా అడుగు మేర పడుతుంది. అంటే ఉత్తరపు సందుకు ఏడాదిలో అత్యంత కఠినమైన రోజుల్లో, సరిగ్గా మధ్యాహ్నం పూట ఎండ తగులుతుంది. ఉదయం, సాయంత్రం కూడా సూర్యుడు ఈశాన్యం, వాయవ్యం మూలల నుంచి తొంగి చూస్తాడు. దక్షిణపు సందులో దీనికి సరిగ్గా ఎదురు: చలికాలంలో ఎండ, నడివేసవిలో ఇంటి నీడ. మధ్యాహ్నపు లెక్క మాత్రమే చూస్తే మోండోకు దక్షిణపు సందే మెరుగు. వినడానికి తలకిందులుగా ఉంటుంది కానీ, మేలో ఒకరోజు పది, పన్నెండు, రెండు, నాలుగు గంటలకు సందులో నిలబడి చూస్తే మీకే తెలుస్తుంది. ఆ నాలుగు వేళల్లో ఒక్క పది గంటలకే ఎండ తగిలితే ఫర్వాలేదు. పన్నెండుకూ రెండుకూ కూడా తగిలితే నీడనిచ్చేది ఏదైనా ఉండాలి, పైనున్న బాల్కనీ అయినా, కానుగ కొమ్మ అయినా, ఆఖరికి సగం నీడ పడే గ్రీన్ నెట్ అయినా.

పూర్తి ఎండ జాగాకు తెల్ల రెయిన్ లిల్లీ పెట్టుకోండి. సన్నగా, రెల్లు పోచల్లాంటి ఆకు. తడి తగ్గకుండా చూస్తే ఏడాదంతా పచ్చగా ఉంటుంది, వానలకు తెల్లగా పూస్తుంది. గడ్డలు విషం కాబట్టి నేల తవ్వే కుక్కపిల్ల ఉన్న ఇంట్లో జాగ్రత్త. దాని సంగతి ఇక్కడికి చాలు.

నర్సరీలో మోండో అని అడిగితే నాలుగు రకాలు చూపిస్తారు, నాలుగింటికీ అదే పేరు చెబుతారు. ఆకు దారంలా సన్నగా, రెండు నుంచి నాలుగంగుళాల ఎత్తులో నేలకు అంటుకుని ఉండేది పొట్టి మోండో. అదే జాతిలో మామూలు రకం ఎనిమిది, పదంగుళాలు పెరిగి వంగుతుంది. ఈ రెండూ ఓఫియోపోగాన్ జపోనికస్. తెల్లచారలతో అడుగు ఎత్తు దాటేది ఎక్కువసార్లు ఓఫియోపోగాన్ జబురన్. వెడల్పాటి ఆకుతో అడుగు, అడుగున్నర ఎత్తున గుబురుగా లేచేది లిరియోపి మస్కారి. పూత మీద ఉంటే తేడా తేలిక: లిరియోపి పూలు కంకిలా నిటారుగా నిలుస్తాయి, మోండో పూలు ఆకుల మధ్య తల వంచుకుని ఉంటాయి. గింజ లిరియోపికి నలుపు, మోండోకు నీలం. లిరియోపి స్పైకాటా అని ఇంకొకటుంది. నేలలో పిలకలతో పాకుతుంది, గట్టు లేకపోతే పక్క మడిలోకి దూరుతుంది. నల్లటి ఆకుల మోండో ఫొటోలు చూసి అడిగేవాళ్లు చాలామంది. అది మన వేడికి ముడుచుకుపోయే మొక్క, ఎదుగుదల నత్తనడక. దాని మీద డబ్బు పెట్టొద్దన్నది నా గట్టి మాట.

నడిచే దారి పక్కన, రాళ్ల మధ్య సందుల్లో పొట్టిది. మామిడి, వేప, కానుగ చెట్ల కింద మామూలు మోండో. గోడ పొడవునా బారు తీర్చడానికి లిరియోపి. తెల్లచారల రకం చీకటి మూలల్లో వెలుగు తెస్తుంది గానీ మడంతా అదే నింపితే కంటికి అలసట, అక్కడక్కడ గుంపుగా చాలు.

ఇప్పుడు లెక్క. వంద చదరపు అడుగుల మడికి అడుగు ఎడంలో నాటితే వంద పిలకలు. తొమ్మిదంగుళాలకు సుమారు నూట ఎనభై. ఆరంగుళాలకు నాలుగువందలు. నాలుగంగుళాలకు తొమ్మిదివందలు, ఇది పొట్టి మోండోకు. మనవాళ్లు సాధారణంగా అడుగు ఎడంలో నాటించి "అల్లుకుంటుందిలే" అంటారు. గుబురు మోండో గరికలా పాకదు. తల్లి దుబ్బు పక్కనే పిలక పెట్టి నిదానంగా లావెక్కుతుంది. అడుగు ఎడం పూడటానికి మూడేళ్లు పడుతుంది, ఆ మూడేళ్లూ ఖాళీ నేలలో తుంగ, గరిక, పిచ్చి మొక్కలు రాజ్యం చేస్తాయి. ఆరంగుళాల ఎడంలో అదే మడి ఏడాది నుంచి ఏడాదిన్నరలో మూసుకుంటుంది. మూసుకున్నాక కలుపు దాదాపు రాదు.

నాలుగువందలు కొనే స్తోమత లేదంటారా? అప్పుడు వంద పిలకలే కొని పాతిక చదరపు అడుగుల్లోనే ఆరంగుళాల ఎడంలో నాటండి. మిగతా నేల మీద ఎండుటాకులు కప్పి ఉంచండి. ఏడాదిన్నర తర్వాత ఒక్కో దుబ్బు నాలుగుగా చీల్చితే మిగతా మడికి మొక్కలు మీ దగ్గరే ఉంటాయి. పలచగా పరిచి మూడేళ్లు కలుపు పీకే కంటే చిన్న చోట దట్టంగా పెట్టి పెంచుకుంటూ పోవడం అన్ని విధాలా చవక. కాంట్రాక్టు తోటపనివాళ్లు ఈ సలహా ఇవ్వరు, వాళ్లకు బిల్లు ఒక్క రోజులో తేలాలి.

కొనేటప్పుడు పిలకల లెక్కన కాదు, సంచుల లెక్కన ఆలోచించండి. బాగా నిండిన ఒక సంచి నుంచి నాలుగు నుంచి ఆరు ముక్కలు వస్తాయి. నాలుగువందల పిలకలకు ఎనభై సంచులు సరిపోతాయి. నాలుగు ఆకులున్న చిన్న సంచులు నాలుగువందలు కొనడం కంటే ఇది మేలు. కడియం వైపు నుంచి లారీలో వచ్చిన మొక్క అయితే దించిన వెంటనే చీల్చకుండా వారం రోజులు నీడలో తేరుకోనివ్వండి.

నాటే సమయం మృగశిర కార్తె మొదలై నాలుగు మంచి వానలు పడ్డాక, అంటే జూన్ మూడో వారం నుంచి ఆగస్టు వరకు. రెండో అవకాశం అక్టోబరు చివర నుంచి నవంబరు. రోహిణి కార్తెలో నాటడం మొక్కను చంపుకోవడానికి తిన్నని దారి.

మట్టి విషయంలో గుంటూరు వైపు కథ వేరు, కృష్ణ ఒడ్డున కథ వేరు. ఒండ్రు నేల అయితే ఆరంగుళాలు తవ్వి రెండంగుళాల మందాన మాగిన పశువుల ఎరువు కలిపితే చాలు. వంద చదరపు అడుగులకు అది సుమారు పదిహేడు ఘనపుటడుగులు. నల్లరేగడి అయితే అంతకంటే శ్రమ. వానకు జిగురు, ఎండకు నెర్రె. దానిలో నాలుగు తట్టల ఇసుక కలిపితే గుల్లబారుతుందనుకోవడం భ్రమ. బంకమట్టిలో కొద్దిగా ఇసుక పడితే ఇటుకలా గట్టిపడుతుంది. ఇసుక ఊసు వదిలేసి మడిని చుట్టూ నేల కంటే నాలుగు నుంచి ఆరంగుళాలు ఎత్తు చేయండి, ఎర్రమట్టి రెండు పాళ్లు, మాగిన ఎరువు ఒక పాలు కలిపి. నీరు ఏ వైపు జారిపోవాలో ముందే చూసి ఆ వైపు అడుగుకు పావంగుళం వాలు ఇవ్వండి.

ఇంటి సందుల్లో అసలు శత్రువు ఈ రెండు నేలలూ కాదు, మేస్త్రీలు వదిలేసి పోయిన చెత్త. సిమెంటు పెచ్చులు, సున్నం, ఇటుక ముక్కలు, గోడకు ప్లాస్టరింగ్ చేసినప్పుడు రాలిన మాలు. ఇవి మట్టిని క్షారంగా మారుస్తాయి. మోండోకు కాస్త పులుపు నేల ఇష్టం. క్షార నేలలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. లేత ఆకు పసుపు తిరుగుతుంది, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. గోడ పక్కన అడుగు వెడల్పున మాత్రమే మొక్కలు పాలిపోయి, అవతల బాగున్నాయంటే దాదాపు ఖాయంగా ఇదే. నాటకముందైతే ఆ పట్టీలో తొమ్మిదంగుళాలు తవ్వి పాత మట్టి తీసేయండి. నాటాక బయటపడితే పల్లె రైతులు వేరుశనగకు కొట్టే మందే దీనికీ: లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం ఆకు మీద పిచికారీ, వారం పది రోజుల ఎడంతో రెండు మూడుసార్లు. అప్పటికప్పుడు కలుపుకుని వాడేయాలి, నిల్వ ఉంచితే తుప్పు రంగు తిరిగి పనికిరాదు. గోడకూ టైల్స్‌కూ తగలనివ్వకండి, ఆ మరక పోదు.

చెట్టు కింద మాత్రం ఈ తవ్వకాలేవీ కూడదు. మామిడి వేళ్లలో ఆహారం తీసుకునే సన్నవేళ్లు పైపొరలోనే ఉంటాయి. గడ్డపార పెట్టకుండా, మూడంగుళాల లోతు వరకు చేతి పారతో వేళ్ల మధ్య గుంటలు తీసి నాటాలి. పైన కొత్త మట్టి రెండంగుళాలు మించకూడదు, మొదలు చుట్టూ అడుగు మేర అసలు వేయకూడదు. మొదటి ఏడాది చెట్టూ మొక్కా నీటికి కొట్టుకుంటాయి, మామూలు మడి కంటే రెట్టింపు నీళ్లు పెట్టాల్సి వస్తుంది. వేప ఫిబ్రవరి, మార్చిలో రాల్చే చిన్న ఆకులు దుబ్బుల మధ్యకు జారి ఎరువైపోతాయి, తీయనక్కర్లేదు. బాదం ఆకులు మాత్రం పళ్లెంలా కప్పేస్తాయి, రోజూ ఏరాలి.

చీల్చే పని ఇలా. ముందురోజు సంచులకు నిండా నీళ్లు పోయండి. సంచి కోసి, వేరు ముద్దను బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టి మట్టి వదిలించండి. సంచిలో బంకమట్టి ముద్ద అలాగే ఉంచి నాటితే వేరు ఆ ముద్దలోనే చుట్టుకుంటుంది, కొత్త నేలలోకి దిగదు. వేలితో విడిపోయినంత విడదీసి, మొండికేసిన చోట పదును కత్తితో మొదలు మధ్యగా కోయండి. ఒక్కో ముక్కకు మూడు నుంచి ఐదు ఆకు గుత్తులు, వాటి కింద వేళ్లు ఉండాలి. వేరు లేని గుత్తి పారేయడమే. వేళ్లు నాలుగంగుళాలకు, ఆకులు సగానికి కత్తిరించండి. తడి గోనెలో చుట్టి ఉంచి ఆ రోజే నాటేయాలి.

వేళ్ల చివర తెల్లటి చిన్న గడ్డలు కనిపిస్తాయి. మొదటిసారి చూసినవాళ్లు నులిపురుగుల బుడిపెలని భయపడి మొక్కలన్నీ పారేసే ప్రమాదం ఉంది. అవి మొక్క దాచుకున్న నీళ్లు, తిండి. రెండు వైపులా సన్నగా, మధ్యలో ఉబ్బి, కోస్తే పాలిపోయిన గాజులా ఉంటాయి. నులిపురుగు బుడిపెలు వేరు పొడవునా గరుకుగా, వంకరటింకరగా ముళ్లు పడి ఉంటాయి. చైనా సంప్రదాయ వైద్యంలో ఈ గడ్డలను ఎండబెట్టి మందుగా వాడతారు, మన పెరటి మొక్కతో ఆ ప్రయోగాలు వద్దు.

నాటే లోతులో అర అంగుళం తేడాకు ప్రాణం పోతుంది. ఆకులు మొలిచే తెల్లటి మొదలు సరిగ్గా నేల మట్టానికి ఉండాలి. పైకి ఉంటే వేరు ఎండుతుంది. లోపలికి పోతే వానాకాలంలో మొదలు కుళ్లుతుంది. కుళ్లు తెగులు ఎలా తెలుస్తుందంటే, పాత ఆకులు అడుగు నుంచి గోధుమ రంగుకు తిరుగుతాయి, పట్టుకుని లాగితే గుత్తి మొత్తం వేరు నుంచి ఊడి చేతికొస్తుంది. ఎక్కువసార్లు కారణం నిలిచిన నీరు, లేదా మొదళ్ల మీదకు ఎగదోసిన మట్టి. ఆ దుబ్బుతోపాటు చుట్టూ ఆరంగుళాల మట్టి తీసేసి, మిగిలిన వాటి మొదళ్ల దగ్గర లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి పోయండి. అసలు వైద్యం మందు కాదు, నీరు పోయే దారి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అలాంటి పల్లపు పేటల్లో ఎత్తు మడి లేకుండా ఈ మొక్క జోలికి పోవద్దు. ఒకటి రెండు రోజుల నీటికి తట్టుకుంటుంది, వారం మునిగితే మొదలు చస్తుంది. వరద తీశాక మిగిలిన మొక్కలకైనా, మొదళ్ల మీద పేరుకున్న ఒండ్రును ఆరకముందే కడిగేయకపోతే అదే కుళ్లు తెస్తుంది.

నీళ్ల సంగతికి వద్దాం, ఎందుకంటే మన దగ్గర "ఆకు కొసలు మాడుతున్నాయి" అనే ఫిర్యాదులో సగం ఎండది కాదు, ఉప్పుది. బోరు నీళ్లలో లవణాలు ఎక్కువుంటే మొక్క నీరు తాగి ఉప్పును ఆకు కొసకు నెడుతుంది. కొస గోధుమ రంగై గీత గీసినట్టు ఆగుతుంది. ఎండ దెబ్బ అయితే ఆకు మధ్యలో, వంపు తిరిగిన చోట తెల్లటి మచ్చగా వస్తుంది. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు పెద్ద ఖరీదు కాదు. ఐదువందల లోపు నీళ్లు నిశ్చింతగా పోయండి. వెయ్యి దాటితే మున్సిపల్ కృష్ణా నీళ్లే పోయాలి, లేకపోతే వానాకాలం తప్ప మిగతా నెలల్లో నెలకోసారి మంచినీళ్లతో మడి మొత్తం కిందికి ఇంకేలా నింపి ఉప్పు కడిగేయాలి.

ఇంకో అలవాటు: ఆర్‌వో మెషిన్ వదిలే నీళ్లు వృథా కాకూడదని పైపు పెట్టి మొక్కలకు వదులుతారు. ఉద్దేశం మంచిదే. కానీ తాగే నీళ్లలోంచి తీసేసిన లవణాలన్నీ ఆ వదిలే నీళ్లలోనే ఉంటాయి. అవి గచ్చు కడగడానికి, మోండోకు కాదు. దానికి బదులు ఏసీ నుంచి కారే నీళ్లు పట్టండి. గాలిలోని తేమ చల్లబడి చేరిన నీళ్లు కాబట్టి లవణాలు దాదాపు ఉండవు. మన ఉక్కపోతలో వేసవి రోజున ఒక ఏసీకి బకెట్టు సులువుగా నిండుతుంది. అదే ఏసీ బయటి యూనిట్ సందులో ఉంటుంది కదా, దాని వేడిగాలి సూటిగా తగిలే నాలుగైదడుగుల మేర ఏ మొక్కా పెట్టకండి. ఎంత తడిపినా ఆ గాలికి ఆకు కాగితమైపోతుంది. అక్కడ గులకరాళ్లు పోసుకోండి.

నాటిన మొదటి ఆరు వారాలు వాన లేని రోజున రోజూ తడి. తర్వాత మూడు నాలుగు రోజులకోసారి, ఏప్రిల్ నుంచి వానలు పడేదాకా రోజు విడిచి రోజు. అడుగు ఎడంలో రంధ్రాలున్న డ్రిప్ లైన్లు అడుగు ఎడంలోనే పరిస్తే పైపు ఆకుల కింద దాగిపోతుంది. స్ప్రింక్లర్ పెట్టి సాయంత్రం తడపడం మాత్రం మానండి. రాత్రంతా ఆకు తడిగా ఉంటే ఎర్రంచు మచ్చల తెగులు దిగుతుంది. ఎరువు ఆశ తక్కువ: వంద చదరపు అడుగులకు జూన్‌లో పది కిలోలు, అక్టోబరులో పది కిలోల వర్మీకంపోస్టు చాలు. కప్పడానికి కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) వాడేటట్టయితే రెండు మూడు నీళ్లలో కడిగినదే వాడండి, కడగనిదానిలోనూ ఉప్పే.

కోత విషయంలో మొక్కల మధ్య తేడా ఉంది. మోండోకు కోత అక్కర్లేదు. లిరియోపికి ఏడాదికోసారి, సంక్రాంతి దాటాక ఫిబ్రవరి సగం లోపు, నేల నుంచి మూడంగుళాలు ఉంచి కొడవలితో కోస్తే పాత మాడిన ఆకు పోయి కొత్త ఆకు వేసవికి ముందే గట్టిపడుతుంది. మార్చి దాటితే కోయొద్దు, లేత ఆకు ఎండకు కాలిపోతుంది. నడుమ ఉన్న తెల్ల మొగ్గ తెగిందా, ఆ గుత్తి ఇక లేవదు. అందుకే మిషన్ పెట్టి నున్నగా కొట్టే మాలీ చేతికి ఈ పని ఇవ్వకూడదు.

తొక్కుడు ఇది సహించదు. రోజూ నడిచే దారైతే పద్దెనిమిదంగుళాలకు ఒకటి చొప్పున నాపరాళ్లు పరిచి మధ్యలో పొట్టి మోండో నాటండి. పిల్లలు ఆడుకునే జాగా కావాలంటే ఎండ ఉన్న మూల చూసి గరిక పెంచడమే దారి.

"గుబురుంటే పాములొస్తాయి" అనే అభ్యంతరం ప్రతి ఇంట్లోనూ పెద్దవాళ్లు లేవదీస్తారు. తమాషా ఏమిటంటే ఓఫియోపోగాన్ అన్న గ్రీకు మాటకు అర్థమే పాము గడ్డం. భయాన్ని కొట్టిపారేయను. పాము ఎలుక కోసం, కప్ప కోసం, దాగే సందు కోసం వస్తుంది. నాలుగంగుళాల మోండోలో దాగే చోటు లేదు, అడుగున్నర లిరియోపిలో ఉంటుంది. అందుకని గుమ్మం దగ్గర, బట్టలారేసే చోట పొట్టి రకమే పెట్టండి. ప్రహరీ పొడవునా ఒక అడుగు గులకరాళ్ల పట్టీ వదిలేయండి. పక్కన ఇటుకల గుట్ట, పాత కుండీల కుప్ప లేకుండా చూసుకోవడం మొక్క ఎంపిక కంటే ముఖ్యం. వాస్తు పట్టింపు ఉన్నవాళ్లకు ఒక ఊరట: ఈశాన్యంలో బరువు, ఎత్తు కూడదన్న నియమానికి మూడంగుళాల మొక్క అడ్డు రాదు.

"మన గరిక, మన మొక్కలు ఉండగా చైనా మొక్క ఎందుకు" అనే వాదన బరువైనది. నేలతాడి ఆకులు చూడటానికి అచ్చం ఇలాగే ఉంటాయి, మన అడవుల మొక్క, నీడలో పెరుగుతుంది. కానీ వేసవిలో ఆకు రాల్చి భూమిలోకి పోతుంది, వానలకు మళ్లీ లేస్తుంది. ఆ మూడు నాలుగు నెలల బోడి నేల భరించగలిగితే నేలతాడే పెట్టమంటాను. చాలామంది భరించలేరు, అక్కడికే టైల్స్ వస్తాయి. టైల్స్ పరిచిన సందు పగలంతా కాగి రాత్రి పడకగది కిటికీలోకి వేడి ఊదుతుంది, వాన నీటిని ఇంకనివ్వదు. మోండో తేనెటీగలకు పెద్దగా పనికొచ్చేది కాదని ఒప్పుకుంటూనే, టైల్స్‌తో పోలిస్తే దాన్నే ఎంచుకుంటాను.

నత్తలు వానాకాలంలో లేత ఆకు కొరుకుతాయి. రాత్రి తడి గోనె మడిపక్కన పరిచి, తెల్లారి దాని కింద చేరినవాటిని ఏరి ఉప్పునీళ్లలో వేయడం చాలు. పిండినల్లి మొదళ్లలో తెల్లటి దూదిలా కనిపిస్తే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి మొదళ్లకు తగిలేలా కొట్టండి.

ఇక తుంగ. ఈ మడికి ఇంతకు మించిన శత్రువు లేదు, ఎందుకంటే ఆకు అచ్చం మోండోలాగే ఉంటుంది, దుబ్బులో దూరాక కంటికి ఆనదు. పీకితే పైన ఆకు తెగుతుంది, గడ్డ లోపల మిగిలి రెండు మొలకలు వేస్తుంది. ఉన్న నేలలో తుంగ ఉంటే నాటడం ఒక వానాకాలం వాయిదా వేయండి. తడిపి మొలిపించడం, మొలిచినదాన్ని గడ్డతో సహా తవ్వి తీయడం, ఇలా మూడు విడతలు. మట్టిని జల్లెడ పట్టగలిగితే మరీ మంచిది. బయటి నుంచి ట్రాక్టరు మట్టి కొంటే దానిలోనూ ఇదే బెడద, ఒక తట్టెడు తడిపి పది రోజులు చూసి తర్వాతే దించుకోండి.

నర్సరీలో ప్రతి సంచినీ దుబ్బు విడదీసి చూడండి. ఏ ఆకు మీదనైనా అనుమానం వస్తే మొదలు దగ్గర వేళ్ల మధ్య పట్టి తిప్పండి. తుంగ కాడ మూడు పలకలుగా వేళ్లకు గుచ్చుకుంటుంది, మోండో ఆకులు బల్లపరుపుగా జారిపోతాయి. మూడు పలకలు తగిలిన సంచి ఎంత నిండుగా ఉన్నా, ఎంత తగ్గించి ఇస్తామన్నా, వెనక్కి పెట్టేయండి.